టక్‌మన్నవి నాలుగే: పాత కారు సెంట్రల్ లాక్‌తో నా అనుభవం

రెండు చేతుల్లో సంచులు, చంకలో గొడుగు, పైన వాన. ఎలాగో బొటనవేలు అందించి రిమోట్ నొక్కాను. కారు ఉలకలేదు, పలకలేదు. నాలుగడుగులు దగ్గరికి వెళ్లి మళ్లీ నొక్కాను. ఊహూఁ. చివరికి రిమోట్‌ను డ్రైవరు తలుపు అద్దానికి ఆనించి గట్టిగా అదిమితే అప్పుడు ఇండికేటర్లు మెరిసి తలుపులు తెరుచుకున్నాయి. తాళంచెవిని రంధ్రంలో పెట్టి తిప్పి ఉంటే ఈపాటికి లోపల కూర్చుని ఉండేవాణ్ని. కానీ పదిహేడేళ్ల అలవాటు. వేలు దానంతటదే ఆ బటన్ మీదికి పోతుంది.

ఆ రాత్రి నుంచి సెంట్రల్ లాక్, అంటే ఒక్క బటన్‌తో తలుపులన్నీ వేసే, తీసే ఏర్పాటు, పూర్తిగా బాగయ్యే వరకు దాదాపు నెలన్నర పట్టింది. అసలు పని మాత్రం మూడు ఆదివారాలకు మించి లేదు. మిగతా కాలమంతా తప్పుచోట వెతకడానికే పోయింది. అంతా ఒకటే జబ్బు అనుకోవడం నేను చేసిన పొరపాటు. రిమోట్‌లో ఒకటి, తలుపు మోటారులో ఒకటి, వైరులో ఒకటి, మూడు వేరువేరు జబ్బులు ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉన్నాయి. ఒకటి బాగుచేయగానే ఇంకొకటి బయటపడేది. నేనేమో చేసిన రిపేరే సరిగ్గా కుదరలేదనుకుని మళ్లీ మొదటికి వెళ్లేవాణ్ని.

రిమోట్ పనిచేయడం లేదంటే ఎవరైనా మొదట చెప్పేది సెల్ మార్చమనే. నేనూ విప్పాను. వెనక డొప్ప మీద సీఆర్2032 అని స్పష్టంగా రాసి ఉంది. లోపల ఉన్నది మాత్రం సీఆర్2025, దాని కింద మడతపెట్టిన వెండిరంగు కాగితం ముక్క. ఈ అంకెల్లోనే కొలతలు ఉంటాయి. మొదటి రెండంకెలు సెల్ వ్యాసం, 20 మిల్లీమీటర్లు. చివరి రెండు మందం: 32 అంటే 3.2 మిల్లీమీటర్లు, 25 అంటే 2.5. రెండూ 3 వోల్టులవే కాబట్టి పలచటి సెల్ పెట్టినా పనిచేస్తుంది, కానీ మధ్యలో 0.7 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. రిమోట్ ఎటు ఒరిగితే సెల్ అటు కదిలి, కాంటాక్టు ఒకసారి అందుతుంది, ఒకసారి అందదు. ఎవడ్రా ఈ పనిమంతుడు అని తిట్టుకోబోయి ఆగిపోయాను. ఆ కాగితం మడత తీరు చూస్తే కొన్నేళ్ల కిందట, ఏదో హడావుడిలో, నేనే పెట్టినట్టు లీలగా గుర్తొచ్చింది.

తీసిన సెల్‌ను మల్టీమీటర్‌తో చూస్తే 2.9 వోల్టులు చూపించింది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది మోసపోతారు. మీటరు సెల్ నుంచి దాదాపు ఏమీ లాగదు కాబట్టి ముసలి సెల్ కూడా దాని ముందు నిటారుగా నిలబడుతుంది. బటన్ నొక్కినప్పుడు రిమోట్ ఒక్కసారిగా కొన్ని మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. పాతబడిన సెల్‌లో లోపలి నిరోధం పెరిగి ఉంటుంది, ఆ క్షణంలో వోల్టేజి కూలబడిపోతుంది. అందుకని సెల్‌కు 330 ఓముల రెసిస్టర్ ఒకటి తగిలించి మళ్లీ కొలిచాను. పాతది 2.2కు పడిపోయింది. కొత్త 2032కు అదే రెసిస్టర్ పెడితే 2.9 దగ్గర నిలబడింది. రెసిస్టర్ లేకపోతే గొడవే లేదు, కొత్త సెల్ వేసేయడమే. నాకు కొలవడం ఇష్టం, అంతే.

కొత్త సెల్‌తో రెండు రోజులు రిమోట్ దివ్యంగా పనిచేసింది. మూడో రోజు మళ్లీ అద్దానికి ఆనించాల్సి వచ్చింది.

ఒక స్నేహితుడు ఫోన్ కెమెరా ఆన్ చేసి రిమోట్‌ను దానికి చూపించి నొక్కమన్నాడు, వెలుగు కనపడితే రిమోట్ బాగున్నట్టట. అది టీవీ రిమోట్లకు, అంటే ఇన్‌ఫ్రారెడ్ వాటికి, పనికొచ్చే చిట్కా. బాగా పాత కార్లు కొన్నిటికి అలాంటి రిమోట్లే ఉండేవి. నాది రేడియో రిమోట్. దాని వెనక 433.92 మెగాహెర్ట్జ్ అని ఉంది. దానిలోంచి కెమెరాకు కనిపించే వెలుగేదీ రాదు. ఈ అంకె ఇంకోచోట కూడా అవసరం. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉండే రిమోట్లు కొన్ని 433లో, కొన్ని 315 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. రూపం చూసి పాత రిమోట్ ఒకటి కొనుక్కుంటే డొప్ప కుదురుతుంది, కారు మాత్రం వినదు.

తప్పు రిమోట్‌దా, కారుదా అని ముందు తేల్చుకోవాలి. దానికి తేలికైన దారి రెండో తాళంచెవి. సొరుగులో అడుగున పడి ఉన్నదాన్ని తీసి కొత్త సెల్ వేశాను. అదీ పనిచేయలేదు. గుండె జారింది. రెండు రిమోట్లూ ఒకేసారి పోవు కదా, అయితే రిమోట్ సంకేతాన్ని వినే, కారులోని రిసీవరే పోయిందని నిర్ణయించేసుకున్నాను. రిసీవరు కోసం డ్యాష్‌బోర్డ్ విప్పడానికి సిద్ధమవుతుంటే మా ఆవిడ అడ్డుపడింది.

"ఏమండీ, చిన్నప్పుడు పిల్లాడు దాంతోనే కదా ఆడుకునేవాడు? రోజంతా టిక్కుటిక్కుమని నొక్కుతూ కూర్చునేవాడు."

అప్పుడు వెలిగింది. ఈ రిమోట్లు ప్రతిసారీ ఒకే సంకేతం పంపవు. పంపితే ఎవడైనా దాన్ని గాలిలోంచి పట్టుకుని మళ్లీ వినిపించి తలుపు తీయగలడు. అందుకని నొక్కిన ప్రతిసారీ లోపల ఒక లెక్క ముందుకు జరుగుతుంది, దాన్నిబట్టి సంకేతం మారుతుంది. దీన్నే రోలింగ్ కోడ్ అంటారు. కారు తాను ఆఖరుసారి విన్న లెక్కకు కాస్త ముందున్న వాటిని మాత్రమే ఒప్పుకుంటుంది. జేబులో పొరపాటున నాలుగైదుసార్లు నొక్కుకుపోయినా ఇబ్బంది లేదు. కానీ కారుకు దూరంగా వందలసార్లు నొక్కితే రిమోట్ లెక్క ఎక్కడికో వెళ్లిపోతుంది, కారు "నువ్వెవరో నాకు తెలీదు" అంటుంది. మళ్లీ పరిచయం చేయాలి. ఆ పద్ధతి ఒక్కో కారుకు ఒక్కో రకం. కొన్నిటికి కంప్యూటరు తగిలించాల్సిందే. మా కారుకు అదృష్టవశాత్తూ మాన్యువల్లోనే ఉంది: తాళంచెవితో ఇగ్నిషన్ ఆన్ చేసి, కొన్ని సెకన్లలోపు లాక్ బటన్ నొక్కి పట్టుకోవాలి. ఇలా చేసే ముందు ఒకటి చూసుకోవాలి. కొన్ని కార్లలో కొత్తగా రిమోట్లు నేర్పేటప్పుడు పాతవన్నీ చెరిగిపోతాయి, అందుకే ఇంట్లో ఉన్న అన్ని తాళంచెవులూ దగ్గర పెట్టుకుని ఒకే విడతలో చేయాలి.

నేర్పాక ఆ రెండో రిమోట్ వీధి చివరి నుంచి కూడా కారును పలికించింది. అంటే రిసీవరు నిక్షేపంగా ఉంది. దోషం నేను రోజూ వాడే రిమోట్‌దే. డ్యాష్‌బోర్డ్ జోలికి వెళ్లకుండా బతికిపోయాను.

రిమోట్ పూర్తిగా విప్పితే లోపల గోరంత సర్క్యూట్ బోర్డు. భూతద్దంలో చూస్తే సెల్‌ను పట్టుకునే రేకు కాలి దగ్గర టంకం చుట్టూ సన్నటి నల్లటి వలయం కనిపించింది. పగిలిన టంకం అలాగే ఉంటుంది. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, వేలితో అదిమితే అందుతుంది, వదిలితే వీడిపోతుంది. రిమోట్‌ను అద్దానికి ఆనిస్తే పనిచేయడంలో రహస్యం దూరం కాదు, నేను దాన్ని గట్టిగా అదమడం! ఇన్నాళ్లూ కారు దగ్గరికి వెళ్లడం వల్ల పనిచేస్తోందనుకున్నాను. అన్‌లాక్ బటన్ కింద ఉండే చిన్న స్విచ్ కూడా అరిగిపోయి ఉంది, నొక్కితే చిటుక్కుమనే స్పర్శే లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు తుడిచి, రేకు కాలికి కొత్తగా టంకం పెట్టి, స్విచ్ మార్చాను. సన్నటి మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్ ఉంటే పది నిమిషాల పని. లావు మొనతో చేస్తే పక్కనున్న భాగాలు కూడా లేచి వచ్చేస్తాయి, ఆ ధైర్యం చేయకండి. డొప్ప ఎలాగూ చిట్లిపోయి ఉంది కాబట్టి కొత్త ఖాళీ డొప్ప తెప్పించి బోర్డును దానిలోకి మార్చాను.

రిమోట్ నొక్కితే బాల్కనీ నుంచే కారు పలికింది. గర్వంగా కిందికి వెళ్లి, తలుపు తీసి, తాళం తిప్పాను. ఇంజిన్ గుర్రుమని ఆగిపోయింది. మళ్లీ తిప్పాను. ఒక్క క్షణం అందుకుని ఆగిపోయింది. డ్యాష్‌బోర్డ్ మీద ఎర్రటి తాళం బొమ్మ గబగబా మిణుకుతోంది.

ఆ పది నిమిషాలు ఎలా గడిచాయో నాకే తెలుసు. చెమటలు పట్టాయి. విషయమేమిటంటే తాళంచెవి డొప్పలో రెండు వేరువేరు పరికరాలు కాపురం ఉంటాయి. రిమోట్ బోర్డు ఒకటి, దానికి సెల్ కావాలి. రెండోది ఇమ్మొబిలైజర్ చిప్. దానికి సెల్ అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట నుంచి కాస్త శక్తి తీసుకుని, తన గుర్తింపు అంకెను తిరిగి చెబుతుంది. అందుకే సెల్ పూర్తిగా అయిపోయినా బండి స్టార్ట్ అవుతుంది. ఆ గుర్తింపు అందకపోతే ఇంజిన్‌ను కారు నడవనివ్వదు. చాలా తాళంచెవుల్లో ఆ చిప్ బోర్డుకు అతికించి ఉండదు, డొప్పలో ఒక గూట్లో విడిగా ఉంటుంది. నల్లటి చిన్న ముక్క, వేలిగోరులో సగం కూడా ఉండదు. పాత డొప్పతో పాటు దాన్నీ చెత్తబుట్టలో వేశాను!

చెత్త ఇంకా ఇంట్లోనే ఉండటం నా పూర్వజన్మ సుకృతం. బుట్ట బోర్లించి, పాత డొప్పను సూదితో కెలికితే గూట్లోంచి అది ఊడిపడింది. కొత్త డొప్పలో పెట్టి, కదలకుండా చుక్క జిగురు వేశాను. బండి ఒక్క తిప్పుకు స్టార్టయింది. ఎవరైనా డొప్ప మారుస్తుంటే నేను చెప్పేది ఒక్కటే, ముందు ఆ నల్లముక్క ఎక్కడుందో కళ్లతో చూసుకోండి. అది పోతే కొత్త తాళంచెవి చేయించి, కారుకు నేర్పించాల్సిందే, పాతదానితో బండి కదలదు.

ఇక అయిపోయిందనుకున్నాను. ఆ సాయంత్రమే రెండో జబ్బు బయటపడింది. లాక్ నొక్కితే తలుపుల గడియలన్నీ టక్‌మని పడుతున్నాయి, అరక్షణంలో మళ్లీ టక్‌మని లేస్తున్నాయి. కారు "వేశాను" అని, వెంటనే "వేయలేదులే" అన్నట్టు. నాలుగుసార్లు నొక్కితే ఒకసారి నిలిచేది. ఇది మునుపూ జరిగే ఉంటుంది. రిమోట్ సరిగ్గా అందడం లేదనే భ్రమలో గమనించలేదు, అంతే.

రిమోట్ పక్కన పెట్టి డ్రైవరు తలుపుకున్న లాక్ స్విచ్ నొక్కి చూశాను. దానితోనూ అదే కథ. అంటే ఈసారి రిమోట్‌కు సంబంధం లేదు. ఇంకో రెండుసార్లు నొక్కేసరికి వెనక సీట్లో కూర్చుని ఉన్న మా ఆవిడ అంది, "నాలుగే వినిపిస్తున్నాయి."

"ఏంటి నాలుగు?"

"టక్కులు. నాలుగు తలుపులు, డిక్కీ. ఐదు రావాలి కదా. ఈ పక్క తలుపులోంచి టక్కు రావట్లేదు, ఏదో గొణుగుతోంది."

నిజమే. డ్రైవరు వెనక తలుపులో గుర్రుమని మోటారు తిరుగుతున్న చప్పుడు ఉంది, గడియ మాత్రం కదలడం లేదు. దొంగ దొరికాడనుకున్నాను. ఒక తలుపు పడకపోవడం చూసి కారు మిగతావాటినీ తెరిచేస్తోందని నా సిద్ధాంతం. వినడానికి ఎంత బాగుందో చూడండి. తప్పు.

తలుపు లోపలి ప్యాడ్ విప్పడం నాకు అదే మొదటిసారి. అద్దం పూర్తిగా పైకెత్తి, బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి మొదలుపెట్టాను. బ్యాటరీ మళ్లీ తగిలించాక కొన్ని పాత కార్ల రేడియోలు కోడ్ అడుగుతాయని తీసే ముందే గుర్తుంచుకోండి. నాకు గుర్తు లేదు. ఆ కాగితం కోసం సర్వీసు పుస్తకమంతా తిరగేయాల్సి వచ్చింది. స్క్రూలు ఎప్పుడూ కనపడేచోట ఉండవు. చేయి పెట్టుకునే పిడి లోపల ఒకటి, హ్యాండిల్ వెనక చిన్న మూత కింద ఒకటి. ఆ రెండూ తీశాక అంచుల చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు. స్క్రూడ్రైవరుతో ఎత్తితే పెయింటు గీరుకుపోతుంది, వెడల్పాటి ప్లాస్టిక్ బద్ద వాడాలి. అయినా పాత క్లిప్పులు మూడు విరిగాయి. పదిహేడేళ్ల ప్లాస్టిక్ విరక్కుండా ఏం చేస్తుంది? ముందే అరడజను తెచ్చి పెట్టుకోవాల్సింది.

ప్యాడ్ వెనక జిగురుతో అంటించిన ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని చింపి అవతల పారేయాలనిపిస్తుంది. వద్దు. అద్దం పక్క నుంచి తలుపులోకి దిగే వాన నీళ్లు కింది రంధ్రాల గుండా బయటికి పోవాలి, ఆ పొర లేకపోతే కారులోకి వచ్చి చాపల కింద చేరతాయి. చాలా కార్లలో సెంట్రల్ లాక్ మాడ్యూల్, అంటే తలుపులన్నిటికీ ఆజ్ఞలిచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె, డ్యాష్‌బోర్డ్ కింద, కాళ్ల దగ్గరే ఉంటుంది. నీళ్లు చేరి చిలుము పట్టిందంటే ఇంకో జబ్బు కొని తెచ్చుకున్నట్టే.

తలుపులో ఉండేది చిన్న డీసీ మోటారు, పళ్లచక్రాలు, ఒక కడ్డీ. కరెంటు ఒక వైపు నుంచి ఇస్తే గడియ పడుతుంది, దిశ మార్చి ఇస్తే లేస్తుంది. మాడ్యూల్ ఆ కరెంటును ఒక సెకను కూడా ఇవ్వదు, ఒక్క కుదుపు, అంతే. అందుకే బ్యాటరీ మళ్లీ తగిలించి డిజిటల్ మీటరు పెట్టి చూస్తే అంకె తేలేలోపే అయిపోతుంది, కరెంటే రావడం లేదనుకుంటాం. నేనూ పావుగంట అలాగే అనుకున్నాను. తర్వాత మీటరు పక్కన పెట్టి 12 వోల్టుల చిన్న బల్బు తగిలించాను. లాక్ నొక్కగానే బల్బు ఒక్కసారి చక్కగా మెరిసింది. కరెంటు వస్తోంది, మోటారూ తిరుగుతోంది. దాని లోపల ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగిపోయి జారుతోంది. గొణుగుడు అదే. కొన్ని కార్లలో మోటారు, గడియ కలిసి ఒకే పెట్టెగా ఉంటాయి, మొత్తం మార్చాలి. నా దానిలో మోటారు విడిగా రెండు స్క్రూలతో ఉంది.

మార్కెట్లో అన్ని కార్లకూ సరిపోయే మోటార్లు రెండు రకాలు దొరుకుతాయి: రెండు వైర్లవి, ఐదు వైర్లవి. రెండు వైర్లది చెప్పిన మాట వింటుంది, అంతే. ఐదు వైర్లది డ్రైవరు తలుపుకు. అందులో రెండు మోటారుకు, మిగతా మూడు గడియ ఏ స్థితిలో ఉందో మాడ్యూల్‌కు చెప్పే స్విచ్‌కు. ఈ తేడా అప్పుడు చదివి కూడా పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే రెండు వారాలు కలిసొచ్చేది.

వెనక తలుపుకు రెండు వైర్లది బిగించి లాక్ నొక్కాను. అన్ని తలుపులూ పడ్డాయి, ఇది మాత్రం లేచింది. అన్‌లాక్ నొక్కితే అన్నీ లేచాయి, ఇది పడింది. ఎదురు తిరిగిన తోటికోడలిలా. రెండు వైర్లూ తారుమారు చేయగానే దారికొచ్చింది. ఆ ఆనందంలో లాక్, అన్‌లాక్, లాక్, అన్‌లాక్ అని ఇరవైసార్లు నొక్కి ఉంటాను, ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. ఏ తలుపూ పలకదు. ఫ్యూజ్ చూశాను, బాగానే ఉంది. మాడ్యూల్ కాల్చేశానని తల పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి విసుగ్గా నొక్కితే మామూలుగా పనిచేసింది. వరసగా ఎక్కువసార్లు నొక్కితే మోటార్లు వేడెక్కి కాలిపోకుండా వ్యవస్థ తనను తానే కొంతసేపు ఆపుకుంటుంది. ఆ సంగతి మాన్యువల్లోనే, అంతవరకు నేను తిరగేయని పేజీలో ఉంది.

ఐదు టక్కులూ వస్తున్నాయి. కానీ పడిన వెంటనే లేవడం ఆగలేదు.

ఒక మెకానిక్‌కు చూపించాను. ఆయన రెండుసార్లు నొక్కి, "మాడ్యూల్ పోయింది సార్, మార్చేద్దాం" అన్నాడు. ఏ వైరూ చూడలేదు. ఆయన్ని తప్పుపట్టడానికి కూడా లేదు. పాత కారులో వైరు వెంట వెతుక్కుంటూ పోతే రోజంతా పడుతుంది, మాడ్యూల్ మారిస్తే గంటలో పని అయిపోతుంది. పనిచేస్తే సరే, చేయకపోతే ఆ కొత్త మాడ్యూల్ మన ఖాతాలోనే. ఆలోచించి చెబుతానని వచ్చేశాను. నన్ను ఆపింది ఒక చిన్న సంగతి. ఈ జబ్బు అన్ని వేళలా ఉండేది కాదు. డ్రైవరు తలుపు గట్టిగా వేసినప్పుడు ఒకలా, మెల్లిగా వేసినప్పుడు ఒకలా ఉండేది. తలుపు ఎలా వేశామన్నది డ్యాష్‌బోర్డ్ కింద ఉన్న మాడ్యూల్‌కు ఎలా తెలుస్తుంది?

తలుపుకూ కారు శరీరానికీ మధ్య, కీళ్ల దగ్గర, ముడతలు ముడతలుగా ఒక నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది. తలుపులోకి వెళ్లే వైర్లన్నీ దానిలోంచే పోతాయి. తలుపు తీసినప్పుడల్లా అవి సాగుతాయి, వేసినప్పుడల్లా మడత పడతాయి. రోజుకు పదిసార్లు అనుకున్నా పదిహేడేళ్లకు అరవై వేల మడతలు దాటతాయి. మా ఆవిడను లోపల కూర్చోబెట్టి స్విచ్ నొక్కుతూ ఉండమన్నాను, మధ్యమధ్య ఆగుతూ. తలుపు సగం తెరిచి ఆ గొట్టాన్ని వేళ్లతో ఒక్కో చోట వంచుతూ పోయాను. ఒకచోట వంచితే లాక్ నిలిచింది. వదిలితే లేచింది. మళ్లీ వంచాను, నిలిచింది.

గొట్టాన్ని కారు వైపు నుంచి ఊడదీసి వెనక్కి జరిపితే వైర్ల గుత్తి బయటపడింది. ఒక వైరు పూర్తిగా తెగి ఉంది, అది కంటికి కనిపించింది. మిగతావి పైకి బాగానే ఉన్నాయి. కానీ ఒక్కోటి పట్టుకుని మెల్లిగా లాగితే ఇంకో రెండు సాగాయి. లోపల రాగి తెగిపోతే పైపొర ఒక్కటే రబ్బరులా సాగుతుంది. అందులో ఒకటి ఆ మూడు స్విచ్ వైర్లలోది. డ్రైవరు తలుపు గడియ నిజంగానే పడుతోంది, కానీ పడిందన్న కబురు మాడ్యూల్‌కు చేరడం లేదు. కబురు రాకపోతే డ్రైవరు తలుపు తెరిచే ఉందనుకుని, తాళంచెవి లోపల ఉండిపోతుందేమోనని, అన్ని తలుపులూ తెరిచేస్తోంది. పాపం, అది తన డ్యూటీ తాను చేస్తోంది. దాన్నే మార్చేద్దామనుకున్నాం.

ఇక్కడ తెగినచోటే అతుకు వేసి టేపు చుడితే కొన్ని నెలల్లో అతుకు పక్కన మళ్లీ తెగుతుంది. టంకం పెట్టినచోట వైరు బిరుసెక్కుతుంది, మడత పడేచోట బిరుసు ఉండకూడదు. అందుకని గొట్టం పొడవునా ఉన్న పాత వైరు ముక్కను తీసేసి, సన్నటి పోగులు ఎక్కువగా ఉన్న మెత్తటి సిలికాన్ వైరు వేశాను. అతుకులు ఒకటి తలుపు లోపల, ఒకటి కారు లోపల, గొట్టానికి బాగా అవతల. మూడు వైర్ల అతుకులూ ఒకే వరసలో పడితే లావెక్కి రబ్బరు గొట్టంలో ఇరుక్కుంటాయి, కాబట్టి ఎగుడుదిగుడుగా వేశాను. టంకం పెట్టే ముందే హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే కుంచించుకుని అతుకును కప్పేది) వైరుకు తొడగాలి. ఇది అందరికీ తెలుసు, అందరూ మర్చిపోతారు. నేను రెండుసార్లు మర్చిపోయి రెండుసార్లు ఊడదీశాను. డ్యాష్‌బోర్డ్ కింద తలకిందులుగా పడుకుని, నోట్లో టార్చి పట్టుకుని, వేడి టంకం మీద పడకుండా తప్పించుకుంటూ చేసే పని అది. మెడ మూడు రోజులు తిరగలేదు.

బ్యాటరీ తగిలించి లాక్ నొక్కాను. ఐదు టక్కులు. ఆగి విన్నాను. ఆరోది రాలేదు. తలుపు తీసి, వేసి, గట్టిగా వేసి, మెల్లిగా వేసి మళ్లీ మళ్లీ చూశాను, ఈసారి మోటార్లు వేడెక్కకుండా మధ్యలో ఆగుతూ. తలుపు విప్పి ఉన్నప్పుడే గడియలకు తెల్ల లిథియం గ్రీజు రాశాను. తుప్పు వదిలించడానికి కొట్టే స్ప్రే వేరు, గ్రీజు వేరు. స్ప్రే నాలుగు రోజుల్లో ఆరిపోతుంది, ఉన్న పాత గ్రీజును కూడా కడిగేస్తుంది. తాళంచెవి రంధ్రంలో మాత్రం గ్రీజు పెట్టకూడదు, దుమ్ము పట్టి బిగుసుకుపోతుంది. అక్కడ గ్రాఫైట్ పొడి చాలు. ఏళ్ల తరబడి రిమోటే వాడటం వల్ల ఆ రంధ్రంలో తాళం తిరగడమే మర్చిపోయింది. కారు బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన రోజున లోపలికి వెళ్లడానికి ఉన్న దారి అదొక్కటే కాబట్టి, ఇప్పుడు నెలకోసారైనా తాళంచెవితోనే తీస్తున్నాను.

ఒక స్నేహితుడు ఈ కథంతా విని, పాత మెర్సిడెస్ కార్లలో అయితే ఈ మోటార్లే ఉండేవి కావు, సన్నటి గొట్టాల్లో గాలి పీల్చి తలుపులు వేసేవాళ్లని చెప్పాడు. అది నిజమే. గొట్టం ఎక్కడో చిల్లుపడితే ఈల వేసుకుంటూ వెతకాలేమో. నాకు వైర్లే నయం.

పదిరోజుల తర్వాత రిమోట్ మళ్లీ దగ్గరికి వస్తేనే పనిచేయడం మొదలుపెట్టింది. ఈసారి టెన్షన్ పడలేదు. రెండో రిమోట్‌తో చూశాను, దానిదీ అదే పరిస్థితి. అంటే రిమోట్లది కాదు. కారులో కొత్తగా ఏం వచ్చింది అని చూస్తే, లైటర్ సాకెట్లో ఎప్పుడూ వెలుగుతూ ఉండే చవక ఫోన్ చార్జర్. దాన్ని పీకి దిగి నడిచాను. వీధి చివర దాకా వెళ్లి నొక్కితే కారు పలికింది. అలాంటి చార్జర్లు, కొన్ని ఎల్‌ఈడీ బల్బులు, డ్యాష్ కెమెరాలు వెదజల్లే రేడియో గోల రిసీవరు చెవిలో పడి రిమోట్ మాటను మింగేస్తుంది. చార్జర్ ఇప్పుడు ఎందుకూ పనికిరాకుండా ఇంట్లో సొరుగులో ఉంది. రెండో తాళంచెవి ఆ సొరుగులోంచి బయటికొచ్చి మా ఆవిడ సంచిలో చేరింది.

ఈ వారం ముందు ఎడమ తలుపు టక్కు కాస్త మెత్తగా వినిపిస్తోందని తనే అంది. దాని మోటారుకూ పదిహేడేళ్లే. కొత్తది తెప్పించాను, డిక్కీలో ఉంది, దాంతోపాటు డజను క్లిప్పులు. రేడియో కోడ్ కాగితాన్ని ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నాను.